గోడ అవతలి లెక్కల టీచరమ్మ

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా టీచరమ్మ చనిపోయింది. ఆ కబురు నాకు ముందుగా అందించింది ఆమె అక్క. తను చెబుతున్నది చావు కబురని మాత్రం ఆవిడకు తెలియదు.

నేను వెనక దొడ్లో అత్తమ్మ దుప్పట్లు పిండుతున్నాను. గోడ అవతల కిటికీలోంచి పిలుపు వినిపించింది.

"ఓ పిల్లా, టీచరు లేస్తలేదు. చాయ్ పెడ్తలేదు."

టీచరమ్మ అక్కను నేను పెద్దమ్మ అనేదాన్ని. ఆవిడకు మతిమరుపు జబ్బు. తన చెల్లెలు తనకు చెల్లెలన్న సంగతి కూడా పోయి చాలా ఏళ్లయింది. వాడకట్టంతా టీచరమ్మ అంటుంటే విని, తనూ టీచరు అని పిలిచేది.

"ఒంట్లో బాగలేదేమో పెద్దమ్మా. కొంచెం కదిపి చూడు."

"కదిపిన. చెయ్యి సల్లగున్నది."

దుప్పటి అక్కడే వదిలేసి, బట్టలుతికే బండ మీదికెక్కి గోడ దాటాను. ఆరేళ్ల పరిచయంలో ఆ గోడ దాటడం అదే మొదటిసారి. కిటికీ చువ్వల్లోంచి చూస్తే టీచరమ్మ మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. ముందు తలుపుకు లోపలి నుంచి తాళం. వెనక తలుపుకూ తాళం. తలుపు తెరిచి ఉంటే పెద్దమ్మ రోడ్డు మీదికి వెళ్లిపోతుంది. రెండుసార్లు అలాగే వెళ్లి లారీల మధ్య నిలబడింది. అప్పటి నుంచి తాళంచెవి తాడుకు కట్టి టీచరమ్మ మెడలోనే వేసుకునేది.

"పెద్దమ్మా, టీచరమ్మ మెడల తాళంచెవి ఉన్నది. తీసి నాకియ్యి."

ఆవిడ మంచం దాకా వెళ్లి, చెల్లెలి ముఖంలోకి చూసి, చేతులు వెనక్కి కట్టుకుని తిరిగి వచ్చింది.

"అది ముట్టొద్దు. ముడ్తె తిడ్తది."

ఎంత బతిమాలినా అదే మాట. చివరికి వీధిలోని మగవాళ్లు గడ్డపారతో ముందు తలుపు గొళ్లెం ఊడదీశారు. జనం లోపలికి వస్తుంటే పెద్దమ్మ ఒక్కొక్కరినీ కూర్చోమంది. అందరికీ చాయ్ పెట్టమని మంచం మీది మనిషికి చెప్పింది.

టీచరమ్మ గురించి పేపర్లో రాసేంత పెద్ద విషయాలేవీ లేవు. బిరుదులు లేవు. ఆమె పాఠం విన్న పిల్లలు వందల్లో ఉండి ఉంటారు. వాళ్లలో బడికి వెళ్లకుండా ఆమె దగ్గర చదువుకున్నదాన్ని బహుశా నేనొక్కదాన్నే. అందుకే ఇది రాస్తున్నాను.

మాది తిరుమలాయపాలెం పక్కన ఒక పల్లె. పదో తరగతిలో అన్నీ పాసై లెక్కల్లో తప్పాను. ఆ తర్వాత పెళ్లయింది, పాల్వంచ వచ్చాను. మా ఆయన కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. పెళ్లైన రెండో ఏట అత్తమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాటా పోయింది. అప్పటికి నా కడుపులో మా పాప ఉంది. ఇప్పుడు పాప అయిదో తరగతి. పదేళ్లుగా, ఒకటి రెండు రోజులు తప్ప, నేను అత్తమ్మను గంట కంటే ఎక్కువసేపు విడిచి ఎక్కడికీ వెళ్లలేదు. కూరగాయల బండి వీధిలోకి వస్తుంది. పాలు ఇంటికొస్తాయి. మా తమ్ముడి పెళ్లి ఫోన్లో చూశాను.

ఎవరూ నన్ను కట్టేయలేదు. మా ఆయన మంచివాడే. అత్తమ్మ నన్ను ఏనాడూ కసిరింది లేదు. నాకు చెడు చేసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఎవరి మీదా కోపం తెచ్చుకునే వీలు కూడా లేదు. రెండు గదులు, ఒక దొడ్డి, బట్టలుతికే బండ. అంతే నా ఊరు.

వెనకింట్లోకి టీచరమ్మ, పెద్దమ్మ దిగినప్పుడు మొదట నాకు వినిపించింది తాళం చప్పుడే. వారం రోజుల తర్వాత బట్టలు ఆరేస్తుంటే గోడ పైనుంచి ఒక నెరిసిన తల, కళ్లద్దాలు కనబడ్డాయి.

"మీ ఇంట్ల ఎవరన్న పండుకొని ఉన్నరా బిడ్డా? రోజూ గిన్ని దుప్పట్లు ఉతుకుతున్నవ్."

"అవ్ టీచరమ్మా. మా అత్తమ్మ."

"మా అక్క నడుస్తది. గదే తిప్పలు," అని నవ్వింది.

పేరు అడగలేదు. నేనెంత చదివానని అడిగింది. పదో తరగతి తప్పానంటే ఏ సబ్జెక్టని అడిగింది. లెక్కలంటే, అందులో ఏ పాఠమని అడిగింది. అంత దూరం నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. రెండు సమీకరణాలిచ్చి x, y కనుక్కోమనే పాఠం దగ్గర నా బుర్ర ఆగిపోయిందని, పరీక్షలో ఆ పేజీ ఖాళీగా వదిలేశానని చెప్పాను. ఆమె తల ఊపి లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు గోడ మీద రాయి కింద ఒక కాగితం ఉంది.

ఆ కాగితాల గురించి కొంచెం చెప్పాలి. టీచరమ్మ ఉద్యోగమంతా అడవి పక్క ఊళ్లలో, పినపాక వైపు హాస్టలు బళ్లలో గడిచింది. ఇంట్లో కోయ మాట్లాడుకుని బడికొచ్చే పిల్లలకు పుస్తకంలోని తెలుగే బరువయ్యేదట. అందుకని ఆమె మాటలు తగ్గించి, మెట్లు ఎక్కువ పెట్టి సొంతంగా కాగితాలు తయారు చేసుకుంది. ఒక్కో కాగితంలో అయిదే లెక్కలు. మొదటిది మొత్తం చేసి ఉంటుంది. రెండోదానిలో అక్కడక్కడ గళ్లు, మనం నింపాలి. మూడోదానికి మొదటి మెట్టు మాత్రమే ఇస్తుంది. నాలుగోది ఉత్త లెక్క. అయిదోది మన ఇంట్లోది.

నా మొదటి కాగితంలో x + y = 7, x – y = 1. రెండూ కలిపితే y పోతుంది, x మిగులుతుంది. చూపించినట్టు రాసుకుంటూ వెళ్తే నాలుగు, మూడు వచ్చాయి. ఇంత చిన్నదానికా నేను పదేళ్లు భయపడింది అనిపించింది. అయిదో లెక్క చదివి నవ్వొచ్చింది. మీ అత్తమ్మ రోజుకు తెల్ల మాత్రలు, గులాబీ మాత్రలు కలిపి అయిదు వేసుకుంటుంది, తెల్లవి గులాబీవాటి కంటే ఒకటి ఎక్కువ, ఏవి ఎన్ని? ఆ మాత్రల సంగతి ముందురోజు నేను చెప్పిందే. మూడు, రెండు అని రాసి కాగితం గోడ మీద పెట్టేశాను.

సాయంత్రానికి తిరిగొచ్చింది. జవాబు చుట్టూ సున్నా చుట్టి ఉంది.

"జవాబు నీకు ముందుగాల్నే తెల్సు," అంది టీచరమ్మ గోడ దగ్గరికి వచ్చి. "తెల్సినా తెల్వనట్టు రాయాలె. ఎట్ల పోయినవో దారి చూపియ్యి."

అలా మొదలైంది. నెలలు గడిచినకొద్దీ లెక్కలు ముదిరాయి. ఊరికే కలిపితే పోని చరరాశుల్ని పోగొట్టడానికి పై సమీకరణాన్ని మూడుతో, కిందిదాన్ని రెండుతో గుణించడం వచ్చింది. తీసివేత దగ్గర మాత్రం ఎప్పుడూ తడబడేదాన్ని. ఒకసారి 2x + 3y = 17లోంచి 2x – y = 5 తీసేసి, మూడు y లలోంచి ఒకటి పోతే రెండు y లు అని రాశాను. ఎంతకీ జవాబు కుదరలేదు. తప్పెక్కడుందో చెప్పమని గోడ దగ్గర నిలబడ్డాను.

"నన్నెందుకు అడుగుతవ్? నేనేమన్న ఎప్పటికీ గీ గోడ కాడనే ఉంటనా? లెక్కనే అడుగు. నీకొచ్చిన జవాబు తీస్కపోయి కింది దాంట్ల పెట్టు."

పెట్టాను. అయిదు రావలసిన చోట మైనస్ ఏడు వచ్చింది.

"లెక్క ఏమంటున్నది?"

"తప్పంటున్నది."

"అయితే నేను చెప్పేదేంది మల్ల? తీసేటప్పుడు కింద గుర్తులన్నీ మారాలె. ఒక్కటి మరిచినా మొత్తం ఆగమైతది."

ఇంత చక్కగా చెప్పే మనిషి ఎప్పుడూ శాంతంగా ఉండేదని రాస్తే అబద్ధం అవుతుంది. ఒక మధ్యాహ్నం గోడ అవతల చెంపదెబ్బ చప్పుడు వినిపించింది. ఆ తర్వాత పెద్దమ్మ చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడవడం. కాసేపటికి టీచరమ్మ గోడ దగ్గరికి వచ్చింది. కళ్లద్దాలు చేతిలో ఉన్నాయి.

"ఇయ్యాల అక్కను కొట్టిన," అంది. "పొద్దటి సంది నూరుసార్లు తలుపు తియ్యమన్నది. నూటొకటోసారి కొట్టిన. ఎవరికన్న చెప్పాలె గద, నీకు చెప్తున్న."

వాళ్ల అమ్మ చిన్నప్పుడే పోతే, పెద్దమ్మే ఒక దవాఖానాలో ఆయాగా చేసి చెల్లెలిని బీఈడీ దాకా చదివించింది. తను పెళ్లి చేసుకోలేదు. ఆ చేతుల మీద పెరిగి ఆ మనిషినే కొట్టానని టీచరమ్మ గోడకు నుదురు ఆనించి నిలబడింది.

నాకు ఓదార్చడం చేతకాలేదు. "నేను మొన్న అత్తమ్మను గట్టిగ గిచ్చిన టీచరమ్మా," అన్నాను. "పక్క మార్చిన గంటకే మల్ల తడిపింది. ఆమె అరవలేదు గద, ఎవరికీ తెల్వదు."

ఆ మాట అంతకుముందు నేను ఎవరితోనూ అనలేదు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు.

"నా కంటె ముందు అక్క పోవాలని రోజూ ప్రార్థన చేస్త," అంది నెమ్మదిగా. "గిట్ల అడగొచ్చో లేదో నాకు తెల్వదు. నేను ముందు పోతె ఆమెను ఎవరు చూస్తరు?"

ఆ రోజు కూడా కాగితం వచ్చింది. అంకెలు కొంచెం వంకరగా ఉన్నాయి, అంతే.

ఓపెన్ స్కూలు పదో తరగతి లెక్కల పరీక్షకు ఫీజు కట్టించింది ఆమే. మా ఆయన వద్దనలేదు కాని, "ఇప్పుడేం చేస్తవ్ పాసై?" అన్నాడు. మొదటిసారి లెక్కల పరీక్ష రోజు హాల్‌టికెట్ జాకెట్లో పెట్టుకుని చెప్పులు వేసుకుంటుంటే అత్తమ్మకు ఫిట్స్ వచ్చాయి. ఆమె నాలుక కరుచుకోకుండా దవడ పట్టుకుని కూర్చున్నాను. అంబులెన్సు వచ్చి, దవాఖానాకు వెళ్లి, తిరిగొచ్చేసరికి పరీక్ష అయిపోయింది. ఆ సాయంత్రం నేను గోడ దగ్గరికి వెళ్లలేదు. ఇక వెళ్లకూడదనే అనుకున్నాను. నాలుగు రోజులు గోడ మీది కాగితాలు తీయలేదు. అయిదోనాడు గోడ పక్క నుంచి పెద్ద గొంతు.

"ఏందే, అలిగినవా? నా మీదనా, లెక్కల మీదనా?"

"ఎవరి మీద లేదు టీచరమ్మా. నాతోని కాదు. నేను ఈ ఇంట్లకెల్లి పోలేను."

"అవ్, పోలేవు," అంది. కాదని అబద్ధం చెప్పలేదు. "నేను గూడ పోలేను. అయితే లెక్క చెయ్యకూడదని ఎవలన్న అన్నరా?"

రెండోసారి పరీక్షకు ముందురోజు ఆమె ఒక ఉపాయం చెప్పింది. మా ఆయనకు ఆ వారం పొద్దుటి షిఫ్టు, సెలవు దొరకలేదు. "మేమిద్దరం మీ ఇంటికొస్తం. మీ అత్తమ్మను నేను చూస్త. నువ్వు బయటికెల్లి తాళమేసి చెవి పట్టుకపో."

"నేను తాళమెయ్యాలెనా? మీ ముగ్గురిని లోపల పెట్టా?"

"చెవి నా కాడుంటె అక్క అడుగుడు మానది. లేదని తెలిస్తె ఊకుంటది. భయపడకు, నా కాడ ఫోనుంటది."

మరునాడు పొద్దున ఎనిమిదిన్నరకు టీచరమ్మ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని వీధి చుట్టూ తిరిగి మా గుమ్మంలోకి వచ్చింది. గోడకు పైన తల మాత్రమే చూసిన మనిషిని మొదటిసారి నిలువునా చూశాను. ఇంత పొట్టిదా అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇన్నాళ్లూ గోడ అవతల ఒక స్టూలు వేసుకుని ఎక్కేదట. అత్తమ్మకు గంజి ఎప్పుడు పట్టాలో, ఏ పక్కకు తిప్పాలో చూపించాను. బయటికొచ్చి ముగ్గురు ఆడవాళ్ల మీద తాళం వేశాను. కిటికీలోంచి ఆమె విసుక్కుంది.

"పో జల్దీ! సరిచూసుకునుడు మర్వకు!"

పరీక్ష హాల్లో మూడు గంటలూ తాళంచెవి నా మెడలో ఉంది. ఇల్లు అంటుకుంటేనో, పెద్దమ్మ తల బాదుకుంటేనో, అత్తమ్మకు మళ్లీ ఫిట్స్ వస్తేనో. ఒక్కో ఆలోచనకు ఒక్కో చెమట. ప్రశ్నాపత్రంలో తొలగించు పద్ధతి లెక్క నాలుగోది. 3x + 2y = 11, 2x + 3y = 4. అది చూసిన తర్వాత మాత్రం కాసేపు ఇల్లు గుర్తు రాలేదు. పైదాన్ని మూడుతో, కిందిదాన్ని రెండుతో గుణించాను. తీసివేతలో గుర్తులు మార్చాను. అయిదు, మైనస్ రెండు వచ్చాయి. రెండింటిలోనూ పెట్టి చూసుకున్నాను. లెక్క సరేనంది.

ఆటో దిగి పరుగెత్తుకొచ్చి తాళం తీస్తే లోపల చప్పుడు లేదు. టీచరమ్మ కుర్చీలో కూర్చుని నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పెద్దమ్మ మంచం మీదికెక్కి అత్తమ్మ తలను ఒళ్లో పెట్టుకుని దువ్వుతోంది. అన్నేళ్లలో నేను అత్తమ్మ జుట్టు గబగబా ముడి వేయడమే తప్ప, అలా పాయలు తీసి దువ్వింది లేదు. అత్తమ్మ కళ్లు మూసుకుని ఉంది. పెద్దమ్మ చేతులకు దవాఖానా పని ఇంకా గుర్తున్నట్టుంది.

నేను పాసయ్యాను. నా బతుకు మారిపోయిందని చెప్పను. అవే రెండు గదులు, అదే అత్తమ్మ. కాని సాయంత్రాలు మా వెనక వరండాలో ఎనిమిది మంది పదో తరగతి ఆడపిల్లలు కూర్చుంటారు. నేను బయటికి వెళ్లలేను కాబట్టి వాళ్లే వస్తారు. టీచరమ్మ కాగితాలే జిరాక్సు తీయించి ఇస్తాను. అయిదో లెక్క మాత్రం ఎవరి ఇంటిది వాళ్లకు నేను రాస్తాను. గోడ అవతలి నుంచి టీచరమ్మ చెవి అంతా ఇటే ఉండేది. నేను తొందరపడితే కేక వినిపించేది. "మూడో మెట్టు ఎగిరేసినవ్! పిల్లలకు అర్థమైందా అడుగు!" పిల్లలు కిసుక్కున నవ్వేవారు. నేను సిగ్గుపడి మూడో మెట్టు మళ్లీ చెప్పేదాన్ని.

ఆమె గుండె ఆగింది నిద్రలోనే అని డాక్టరు చెప్పాడు. ఖమ్మం నుంచి వాళ్ల మేనల్లుడు కారులో వచ్చాడు. మరునాడు మా ఆయన సెలవు పెట్టి అత్తమ్మ దగ్గర ఉన్నాడు, నేను సమాధుల తోటకు వెళ్లాను. పెద్దమ్మను నా పక్కనే నిలబెట్టుకున్నాను. పాస్టరు గారు ప్రార్థనకు ముందు నీళ్లు తాగుతుంటే మేనల్లుడు నాతో అన్నాడు.

"పెద్దత్తను ఖమ్మంల ఒక ఆశ్రమంల పెట్టనీకి మాట్లాడినం. మా ఇంట్ల అందరం డ్యూటీలకు పోతం, ఎవరుండరు. ఈడ ఎవరన్న చూసుకునేటోళ్లు ఉంటె మంచిగుండు. ఆమెకు ఈ జాగ అలవాటు."

నాకు అర్థమైంది. అతను అడుగుతున్నది నన్నే. పెద్దమ్మ నా కొంగు పట్టుకుని ఉంది. అత్తమ్మ మంచం, ఇంకో మంచం, లోపలి నుంచి వేసిన తాళం, మెడలో తాడు, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు కదిలాయి. నేను నేల చూశాను. అతను ఇంకోసారి అడగలేదు.

ఆ మౌనానికి ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. టీచరమ్మ ఉన్నా తప్పు పట్టేది కాదేమో. "పోలేవు" అన్నట్టే, "ఉంచుకోలేవు" అని ఉన్నమాట అనేది. అయినా ఆమె రోజూ ఏం ప్రార్థించేదో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి నన్ను వదలడం లేదు.

పెట్టె దించుతుండగా పెద్దమ్మ చుట్టూ చూసింది. తెల్ల చీరలు, సంఘం వాళ్లు, పాటల పుస్తకాలు. ఏదో పండుగ అనుకున్నట్టుంది. ముఖం వెలిగింది. నా కొంగు వదిలి, చేతులు జోడించి, గొంతెత్తి క్రిస్మస్ పాట అందుకుంది. నిప్పులు చెరిగే ఎండాకాలం మధ్యాహ్నం. మేనల్లుడు కంగారుగా ఆవిడ భుజం పట్టుకోబోతే పాస్టరు గారు వద్దని చెయ్యి ఊపారు. ముందు వరుసలో, పినపాక నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన టీచరమ్మ పాత విద్యార్థిని ఒకామె కళ్లు తుడుచుకుని గొంతు కలిపింది. తర్వాత ఆమె పక్కామె. తర్వాత అందరం. నాకు ఆ పాట రాదు, పెదవులు కదిపాను. మగవాళ్లు పారలతో మట్టి వేస్తున్నారు. ఆకాశం తెల్లగా మండుతోంది. పెద్దమ్మ మాత్రం ఒక్క మాట మరిచిపోకుండా, పుట్టిన బిడ్డ గురించి, పశువుల పాక గురించి, చలిరాత్రి గురించి, చివరి చరణం దాకా పాడింది.